కుంకుడుకాయ చిన్న సరుకు కాదు

గిరిజన సహకార సంస్థ చైర్మన్ గారికి, మేనేజింగ్ డైరెక్టర్ గారికి, పాలకవర్గ సభ్యులకు,
విశాఖపట్నం.



ఈ ఉత్తరం కాఫీ గురించి కాదని ముందే చెబుతున్నాను. కాఫీ గురించి మీకు ఉత్తరాలు చాలానే వస్తుంటాయి. నేను రాస్తున్నది తలంటు గురించి. ఇంత చిన్న విషయమా అని పక్కన పెట్టేయబోతారేమో, ఆ 'చిన్న' అన్న మాట దగ్గరే మీతో నా పేచీ.

మొన్న జనవరిలో పిల్లలతో అరకు వెళ్లాం. దిగిన రిసార్టు గదిలో బల్ల మీద ఓ రేట్ల అట్ట పెట్టారు. కాఫీ పొడి, తేనె కలిపి ఒంటికి నలుగు. అడవి కుంకుడు, సీకాయలతో తలస్నానం. పసుపు వేసిన వేడినీళ్లలో పాదాలకు సేద. వాటి ఎదురుగా అంకెలు. అందులో ఏ ఒక్కటి చేయించుకున్నా నా రెండు రోజుల జీతం చెల్లు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ఆ అట్ట మీదున్న ఐదు సరుకులూ మా అమ్మ వంటింటి గూట్లో ఉండేవే. ఐదూ మీరు కొండ మీద కొని కొండ కింద అమ్మేవే.

మర్నాడు సంతకి వెళ్లాం. గోనెపట్టా మీద కుంకుడుకాయలు కుప్ప పోసుకుని ఒకావిడ కూర్చుంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వీపున కట్టిన గుడ్డలో పసిబిడ్డ నిద్రపోతోంది. పక్క కొట్టుకి షాంపూ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతున్నాయి. నేను రెండు కిలోలు తూయించుకుని డబ్బులిచ్చాను. ఆవిడ అందులోంచే చిల్లర తీసి, చెయ్యి చాచి, ఆ తోరణంలోంచి రెండు ప్యాకెట్లు తెంపించుకుంది. ఉండబట్టలేక, "ఇంత కుంకుడు పెట్టుకుని అదెందుకమ్మా?" అన్నాను.

"ఇది ఎవులు నానబెడతారమ్మా? తెల్లారకముందే తోటకి ఎల్లాల. నీళ్లు కాయడానికే కట్టెలు సాలవు" అంది.

నాకు జవాబు తోచలేదు. ఎందుకంటే విశాఖలో నా ఇంట్లో ప్రతి శనివారం రాత్రి నేననుకునే మాట కూడా అదే: ఇప్పుడెవరు నానబెడతారు? పొద్దున ఏడుకి స్కూలు బస్సు, తొమ్మిదికి ఆఫీసు, రాత్రి హోంవర్కు. ఏరిన తల్లికీ తీరిక లేదు, కొన్న తల్లికీ తీరిక లేదు. తీరికున్నది ఆ రేట్ల అట్టకే. మరి ఈ ముగ్గురి మధ్యా సరుకు చేతులు మార్చే సంస్థ మీదే కదా! మీ లెక్కలో ఈ మొదటి ఇద్దరూ ఎక్కడున్నారు?

మీరు మామూలు వ్యాపారులైతే ఈ ప్రశ్న అడిగేదాన్ని కాదు. షావుకారు అప్పుల్లోంచి, దొంగ తూకాల్లోంచి గిరిజనుణ్ణి బయటపడేయడానికని 1956లో ప్రభుత్వం మిమ్మల్ని పుట్టించింది. ఏజెన్సీలో అటవీ ఉత్పత్తులు కొనే గుత్తహక్కును 1979 నాటి రెగ్యులేషన్ మీ చేతిలో పెట్టింది. కొండ మీద మీరు కొంటారు. మీ డిపోల్లోనే బియ్యం, పప్పు, ఉప్పు, సబ్బు అమ్ముతారు. ఒక ఆడమనిషి తల మీదికి ఏం వెళ్లాలో, గిన్నెలోకి ఏం వెళ్లాలో ఇంత దగ్గరగా చూసే ప్రభుత్వ సంస్థ ఈ రాష్ట్రంలో ఇంకోటి ఉందా? ఇన్నేళ్ల అనుబంధం ఉన్నవాళ్లు, కుంకుడు కిందికి దిగుతూ ప్యాకెట్ పైకెక్కుతున్న ఈ వింతను చూసి, మార్కెట్ పోకడ అంతేలే అని ఊరుకోవచ్చా?

ఇక ఆ 'చిన్న' సంగతి. చింతపండు, తేనె, అడ్డాకు, కొండచీపురు, కుంకుడు, సీకాయ వీటన్నింటినీ కలిపి మీ కాగితాల్లో 'చిన్నతరహా అటవీ ఉత్పత్తులు' అంటారు. కలప పెద్దది, మిగతావన్నీ చిన్నవి అని తెల్లదొరల కాలపు అడవి లెక్క అది. దొరలు పోయారు, లెక్క మిగిలింది. 2006 అటవీ హక్కుల చట్టం ఈ 'చిన్న' సరుకు మీద యాజమాన్య హక్కు అడవి బిడ్డలదేనని తేల్చి చెప్పింది. హక్కు అంత పెద్దదయ్యాక సరుకు ఇంకా చిన్నదేనా? సీకాయ తీగ నిలువెల్లా ముల్లే. కాయ కోసి తెచ్చిన చేతుల మీద గీతలు చూసినవారెవరూ దాన్ని చిన్న సరుకు అనలేరు.

పెద్దది చేయడం మీకు చేతకాక కాదని కాఫీ చెబుతోంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో దాని పేరెత్తారు. 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాళ్లు వెలిశాయి. సంతోషం. తెలుగువాళ్లందరం గర్వపడ్డాం. కానీ మీ గొంతు కాఫీ దగ్గర పలికినంత గట్టిగా కుంకుడు దగ్గర ఎందుకు పలకదు? కాఫీ తాగేవారు పార్లమెంటులో ఉంటారనీ, తలంటుకునేవారు పెరట్లో ఉంటారనీనా?

తలంటు, నలుగు, పాదాల సేద ఇవన్నీ సోకులని, వాటిని ప్రభుత్వ సంస్థ తలకెత్తుకోవాల్సిన పనేముందని మీలో ఎవరైనా అనుకోవచ్చు. పన్నులు వేసేవారు కూడా కొన్నేళ్లు అలాగే అనుకున్నారు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు షాంపూ మీద 28 శాతం పన్ను. ఆ నవంబరులోనే 18కి దించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ, తలనూనె, సబ్బుబిళ్లల మీద 5 శాతమే. క్షౌరశాలలు, బ్యూటీ పార్లర్ల సేవల మీద కూడా 18 నుంచి 5కి వచ్చింది. ఒంటి శుభ్రం, ఒంటి సేద విలాసం కాదని ఢిల్లీ ఎనిమిదేళ్లు తీసుకుని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు లాభం షాంపూ కంపెనీలు అందుకుంటాయి, పార్లర్లు అందుకుంటాయి. ఇదే అదనుగా మీరు కుంకుడుతో ఏం చేయబోతున్నారు?

తీరిక లెక్క కూడా చూడండి. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు వాటి మీద రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 289 నిమిషాలంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. ఇది పొయ్యి, అంట్లు, బట్టలు, ఊడ్పుల లెక్క. పిల్లల సాకుడు, ముసలివాళ్ల చాకిరీ వేరే పద్దు. ఈ ఐదు గంటల తర్వాత కుంకుళ్లు కొట్టి, గింజ తీసి, నానబెట్టి, పిసికి, వడగట్టమంటే ఆ తల్లి ప్యాకెట్ చింపుకోక ఏం చేస్తుంది? ఆమెది బద్ధకం అనేవారు ఒక్క ఆదివారం ఆ పని చేసి చూడాలి.

మేం చేసి చూశాం. సంతలో కొన్న ఆ రెండు కిలోలతోనే. శనివారం రాత్రి మా ఆయన గుమ్మం దగ్గర కూర్చుని పొత్రంతో కాయలు కొట్టాడు. మా చిన్నది నల్లటి గింజలు ఏరి డబ్బాలో దాచుకుంది. నా జుట్టుకి పది కాయల పెంకు, రెండు సీకాయ ముక్కలు. మర్నాడు పొద్దున అన్నం వార్చిన వేడి గంజి అందులో పోసి పిసికాను. గిన్నెలో తెల్లటి నురుగు పొంగింది, పులుపూ మట్టీ కలిసిన ఆ వాసన ఇల్లంతా పరుచుకుంది. మా బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో సబ్బు విరిగి తెట్టు కడుతుంది. కుంకుడు రసం సబ్బులా సున్నపు నీటితో తెట్టు కట్టదు, అందుకే ఈ నీళ్లలో కూడా నురుగు లేచింది. నువ్వుల నూనె మాడుకు పట్టించి, ఇరవై నిమిషాలు ఊరుకుని, మా ఆయన చెంబుతో రసం పోస్తుంటే నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. పెళ్లయిన పదమూడేళ్లలో ఆయన నా తల రుద్దడం అదే మొదలు. కళ్లు మండాయి. మా పెద్దాడు వంటింట్లోకి పరిగెత్తి ఉప్పు కల్లు తెచ్చి నా నాలుక మీద పెట్టాడు. కళ్ల మంటకి ఉప్పు కల్లు మందని వాడికి వాళ్ల నాన్నమ్మ ఎప్పుడో చెప్పిందట.

తర్వాత ఆయన వంతు. చలికి పగిలిన మడమల్ని పసుపు, ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో పావుగంట ఉంచి, వాడేసిన కాఫీ పిప్పిలో చెంచాడు పెరుగు కలిపి రుద్ది, కొబ్బరినూనె రాసి, పాత మేజోళ్లు తొడిగాం. పిల్లలకి పెసరపిండి, చిటికెడు పసుపుతో నలుగు. మొత్తం అయిన ఖర్చు సినిమా హాల్లో ఒక పాప్‌కార్న్ డబ్బా అంత కూడా లేదు. ఆ పూట మాకు ఒంటికే కాదు, మనసుకీ బరువు దిగింది. షాంపూ అన్న మాటే మన 'చాంపో' అన్న మాటలోంచి ఇంగ్లీషులోకి పోయింది. 1814లో బ్రైటన్ పట్టణంలో పాట్నా వాడైన షేక్ దీన్ మహమ్మద్ మర్దనాస్నానాల శాల పెట్టి దొరలకు ఒళ్లు పట్టించాడు. చాంపో అంటే పిసుకు, నొక్కు అని. సీసాలో నురుగుకి ఆ పేరు తర్వాత అంటుకుంది. అసలైనది చెయ్యి. ఆ చెయ్యి ఇంట్లోనే ఉంది. కావాల్సింది ఒక పూట తీరిక, ఆ తీరికను కాస్త తేలిక చేసే సరుకు.

ఆ సరుకు మీ దగ్గరుంది. అందుకే నేను మిమ్మల్ని దయ అడగడం లేదు, పని అడుగుతున్నాను.

మొదటిది. నానబెట్టే కష్టం మీరు తీసుకోండి. పెంకు కొట్టి, గింజ తీసి, ఒక తలంటుకు సరిపడా కుంకుడు, సీకాయ చిన్న నూలుగుడ్డ సంచిలో కుట్టించండి. వేడినీళ్లలో పావుగంట వేసి పిసికితే రసం వస్తుంది, పిప్పి సంచిలోనే ఉండిపోతుంది. పొడి వాడినవారికి తెలుసు: జుట్టులో చిక్కుకున్న ఆ నూక దువ్వినా పోదు, కడిగినా పోదు. చాలామంది కుంకుడుపొడిని ఒకసారి వాడి వదిలేసేది దానివల్లే. రసం తీసి సీసాల్లో పోద్దామంటే, మందులేవీ కలపకుండా నాలుగు రోజులు నిలవదు, పులిసిపోతుంది. గుడ్డ సంచికి ఆ బాధ లేదు. కొట్టడం, ఎండబెట్టడం, కుట్టడం కొండ మీదే, మహిళా సంఘాల చేత జరగాలి. కాయ ఒక్కటే కిందికి దిగితే కూలి కింద ఉండిపోతుంది, సంచి దిగితే కూలి పైన మిగులుతుంది. సహకార సంస్థకి ఈ లెక్క నేను చెప్పాలా?

రెండోది. ఆ సంచి ముందు మీ డిపోల్లో, కొండ మీద సంతల్లో దొరకాలి. విశాఖ బీచ్ రోడ్డు దుకాణంలోనూ, హైదరాబాదు ఎగ్జిబిషన్‌లోనూ తర్వాత. షాంపూ ప్యాకెట్ గెలిచింది నురుగుతో కాదు, ఒక్క రోజుకి ఒక్క చిల్లర బిళ్ల అనే సులువుతో. రోజుకూలి కుటుంబం కిలో లెక్కన కొనలేదు. ఒక్క తలంటు లెక్కన కొంటుంది. ఏరినవారికి సగం ధరకే ఇవ్వండి. ఏరిన చెయ్యి తన తల మీద తన కాయ రుద్దుకోలేని అంగడి ఏం అంగడి? పైగా ఖాళీ షాంపూ ప్యాకెట్లు గెడ్డల్లో, కాఫీ తోటల మొదళ్లలో ఎలా పేరుకుంటున్నాయో మీ డిపో గుమాస్తాలనే అడగండి. గుడ్డ సంచి మట్టిలో కలుస్తుంది.

మూడోది. సంచి మీద రెండు ధరలు అచ్చు వేయండి: నేను కట్టేది ఒకటి, ఏరినవారికి మీరు కట్టింది ఒకటి. కొనుగోలు ధర మీరు నిర్ణయిస్తారని తెలుసు. కానీ అది మీ రిజిస్టరులో ఉంటే కొన్న నాకేం తెలుస్తుంది, అమ్మిన ఆవిడకేం తెలుస్తుంది? రిసార్టు అట్ట మీద అంకె చూశాక సంతలో ఆ అమ్మాయి ముందు నేను తలెత్తలేకపోయాను. మీ సంచి చేతిలో పట్టుకున్నప్పుడు ఆ సిగ్గు నాకు ఉండకూడదు.

నాలుగోది. ఎలా వాడాలో తెలుగులోనూ, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారికి అర్థమయ్యేలా బొమ్మలతోనూ చెప్పండి. అంతే గట్టిగా ఎలా వాడకూడదో కూడా చెప్పండి. అడవిది కాబట్టి అంతా మంచే అనే అబద్ధం మనకొద్దు. కుంకుడు రసం కంట్లో పడకూడదు. గెడ్డలో, చెరువులో కలిపితే చేపలు చచ్చిపోతాయి. ఒడ్డున పోసుకుని, నీళ్లు మట్టిలోకి పోనివ్వాలి. కాఫీ పిప్పి మడమలకీ మోచేతులకీ సరే, ముఖానికి వద్దు, గీసుకుపోతుంది. నలుగుపిండిలో బావంచాలు వేసుకుని ఎండలోకి వెళితే కొందరికి చర్మం కమిలిపోతుంది. తేనె ఎంత మంచిదైనా ఏడాది నిండని బిడ్డ నోటికి తగలనివ్వకూడదు. తెల్లబడతారు, జుట్టు మోకాళ్ల దాకా పెరుగుతుంది అన్న మాటలు మాత్రం ఎక్కడా రాయకండి. ఆ అబద్ధాలకి వేరే కంపెనీలున్నాయి. ప్రభుత్వ ముద్ర ఉన్న సంచికి నిజమే అందం.

ఐదోది చెట్టు. గిరాకీ పెరిగితే కొమ్మలు నరికి కాయలు దులపడం మొదలవుతుంది. మూడేళ్లు తిరిగేసరికి చెట్టూ ఉండదు, సంచీ ఉండదు. ఏ ఊరి గ్రామసభ ఎంత కోయమంటే అంత, రాలినవీ, కొక్కెంతో లాగినవీ మాత్రమే కొంటామని ముందే ప్రకటించండి. ఊళ్లోనే కుంకుడు మొక్కలు పెంచడానికి నర్సరీలు పెట్టండి. ఆ మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, కాబట్టి ఈ వానాకాలానికే మొదలుపెట్టాలి.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. అది ఆ అమ్మాయి మాటలో రెండో సగం: నీళ్లు కాయడానికే కట్టెలు సాలవు. కాఫీ కోతల చలిలో అరకు తెల్లవారుజాము ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కోతకు వెళ్లే తల్లి ఆ చలిలో గెడ్డ నీళ్లతో తల తడపడమే గగనం. మైదానంలో నేను మీట నొక్కితే వేడినీళ్లు వస్తాయి. అక్కడ వేడినీళ్లంటే మోపెడు కట్టెలు, వాటికోసం మైలు దూరం నడక. మీ కొనుగోలు కేంద్రాల ఆవరణలో సూర్యరశ్మితో నీళ్లు కాగే తొట్టి ఒకటి, తలుపున్న స్నానాల గది ఒకటి కట్టించండి. సరుకు తెచ్చిన తల్లి తూకం అయ్యేలోగా బిడ్డకీ తనకీ వేడినీళ్లతో తలంటు పోసుకుని, ఎండలో జుట్టు ఆరబెట్టుకుని ఇంటికెళ్లాలి. పర్యాటకుడి కోసం ఇదే కొండ మీద వేడినీళ్ల తొట్టెలు కడుతున్నవారికి మనం అనుమతులిస్తున్నాం. ఆ కొండను మోస్తున్న మనిషికి ఒక్కటి కట్టడానికి ఎవరి అనుమతి కావాలి?

నా పిల్లల తండ్రికి కుంకుళ్లు కొట్టడం వచ్చేసింది. మా ఇంటి లెక్కలో 88 నిమిషాలు ఆదివారాల్లో కాస్త పెరిగాయి. మా వంతు మేం చేస్తాం. మీ వంతు ఏమిటో చెబుతూ ఒక ప్రకటన ఇవ్వండి. వచ్చే చలికాలం కుంకుడు రాలేలోగా ఇస్తే చాలు. అప్పుడు మళ్లీ అదే సంతకి వెళతాను. గోనెపట్టా మీద కుప్ప పక్కన మీ గుడ్డ సంచులు కూడా ఉంటే, రెండు నాకు, ఒకటి వీపున బిడ్డతో కూర్చున్న ఆవిడకి కొంటాను. లేకపోతే ఈ ఉత్తరమే మళ్లీ రాస్తాను.

ఇది చదువుతుంటే మీకు కాస్త కళ్లు మండి ఉండొచ్చు. కుంకుడు గుణమే అంత. నాలుక మీద ఒక ఉప్పు కల్లు వేసుకోండి, మంట తగ్గాక ఫైలు తెరవండి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, మీ డిపోల పాత ఖాతాదారు,
విశాఖపట్నం.